చైనా గ్రాస్, ఫానీ హెస్సె, ఒక తిరగేసిన చక్కెర

కిరాణా కొట్లో ‘చైనా గ్రాస్’ పేరుతో తెల్లటి పోగుల ప్యాకెట్లు అమ్ముతారు. నీళ్ళలో మరిగించి, పాలలో కలిపి చల్లారిస్తే గడ్డకడుతుంది. పేరులో గ్రాస్ ఉన్నా అది గడ్డి కాదు, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు కణాల గోడల్లోంచి తీసిన పదార్థం. నాలుక మీద ఏ తీపీ తగలదు కానీ రసాయనశాస్త్రం లెక్కలో అది చక్కెరే: వందల చక్కెర అణువులు ఒకదానికొకటి ముడిపడ్డ పొడవాటి గొలుసు. అసలు పేరు అగర్-అగర్, మలయ్ మాట.

దీని గురించి పాపులర్ సైన్స్ పుస్తకాల్లో ఒక కథ పదేపదే వస్తుంది. జర్మన్ డాక్టరు వాల్తర్ హెస్సె 1881లో రాబర్ట్ కాఖ్ ల్యాబ్‌లో చేరి, గాలిలోని సూక్ష్మజీవులను పెంచే ప్రయత్నంలో ఉన్నాడు. అప్పట్లో వాటిని పెంచడానికి వాడేది జెలటిన్. వేసవి వేడికి అది నీరైపోయేది. పైగా అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ వచ్చే ప్రోటీన్ కాబట్టి చాలా బాక్టీరియా దాన్నే తినేసేవి. విసిగిపోయిన హెస్సె భార్యను అడిగాడట, నీ జెల్లీలు ఎండాకాలంలో కూడా ఎందుకు కరగవు అని. ఆవిడ అగర్ సంగతి చెప్పింది. కథ సుఖాంతం.

నాకు ఈ కథ వాస్తవం కంటే దాన్ని చెప్పే తీరుతోనే పేచీ. ‘వంటింటి చిట్కా’ అనగానే ఫానీ ఆంజెలినా హెస్సె చేతిలో గరిటె తప్ప ఇంకేమీ కనపడదు. ఆవిడ భర్త పనిలో సాయం చేసేది, సూక్ష్మదర్శినిలో కనిపించే బాక్టీరియా కాలనీల బొమ్మలు గీసేది. 1850లో న్యూయార్క్‌లో పుట్టింది. జావాలో ఉండివచ్చిన డచ్ పరిచయస్థుల నుంచి అగర్ వాడకం ఆ ఇంటికి చేరింది. వేడి దేశపు వంటవాళ్ళు ఎప్పుడో తేల్చేసిన విషయం, జావా నుంచి న్యూయార్క్‌కి, అక్కణ్ణుంచి జర్మనీకి ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. జెలటిన్ ఫెయిలవడం కళ్ళారా చూస్తున్న మనిషి, తనకు తెలిసిన పదార్థాన్ని సరిగ్గా ఆ అవసరానికి జతచేసింది. ఇదే పని ఒక అసిస్టెంటు చేసుంటే పరిశోధన అనేవాళ్ళం.

కాఖ్ 1882లో క్షయ బాక్టీరియా మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో అగర్ ప్రస్తావన చాలా క్లుప్తం. అందులో హెస్సె దంపతుల పేరు లేదు. అన్నట్టు, అగర్ వల్లే కాఖ్ క్షయ క్రిమిని పట్టుకున్నాడని కొందరు రాస్తుంటారు. అదీ సరికాదు, ఆ పనిలో ఆయన ముఖ్యంగా వాడింది వేడిచేసి గడ్డకట్టించిన రక్తపు సీరం. అయిదేళ్ళకు అదే ల్యాబ్‌లోని పెట్రీ ఒక గాజు పళ్ళెం గురించి చిన్న నోటు రాశాడు. పళ్ళేనికి ఆయన పేరు నిలిచిపోయింది. అందులో పోసేదానికి ఎవరి పేరూ రాలేదు.

అగర్ దాదాపు 85 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మళ్ళీ 40 లోపుకి వస్తేగానీ గడ్డకట్టదు. కాబట్టి మనిషి ఒంటి వేడిలో గట్టిగానే ఉంటుంది. ఇది వంటింట్లో కనిపించే గుణం. అసలు వింత మాత్రం వంటింట్లోనూ కాఖ్ ల్యాబ్‌లోనూ కనిపించనిది: పళ్ళెంలో పెరిగే బాక్టీరియా దాని జోలికి ఎందుకు పోవు? పిండిపదార్థమూ చక్కెర గొలుసే కదా, దాన్ని ఇట్టే అరిగించుకుంటాయే!

జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1859లోనే ఫ్రాన్స్‌లో పాయెన్ ఈ పదార్థాన్ని వేరుచేసి ‘జెలోజ్’ అన్నాడు. నిర్మాణం తేల్చినవాడు జపాన్ రసాయనవేత్త చోజి అరాకి. అగర్ ఒకే పదార్థం కాదనీ, గడ్డకట్టే అగరోజ్, అంతగా కట్టని అగరోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయనీ 1937లో చూపించాడు. 1956 నాటికి అగరోజ్ గొలుసు బొమ్మ పూర్తయింది. అందులో రెండు చక్కెరలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. మొదటిది డి-గాలక్టోజ్, పాలలోని చక్కెరలో ఉండేదే. రెండోది దాని ప్రతిబింబం: ఎల్-గాలక్టోజ్. కుడిచెయ్యికి ఎడమచెయ్యి ఎలాగో అలాగ. అదీ మామూలుగా లేదు. ఒక నీటి అణువు పోగొట్టుకుని, మూడో కార్బన్‌కీ ఆరో కార్బన్‌కీ మధ్య వంతెన కట్టుకుని బిగుసుకుపోయి ఉంది. ఇలాంటి గొలుసులు జంటలుగా మెలికపడి, మధ్యలో నీళ్ళను పట్టి ఉంచుతాయని 1974లో ఆర్నాట్, రీస్ బృందం ప్రతిపాదించింది.

నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి నాకిది తెలియని ఫార్మాట్‌లో ఉన్న ఫైలులా కనిపిస్తుంది. నేల మీది బాక్టీరియాలో చాలావాటి దగ్గర పిండిని కోసే ఎంజైములున్నాయి గానీ, ఈ తిరగేసిన, వంగిన ముడిని తెరిచేవి లేవు. తిండి ఎదురుగా ఉన్నా చదవలేవు. ఫానీ హెస్సె 1934లో చనిపోయింది. తన జెల్లీ ఎందుకు పనిచేసిందో చెప్పే బొమ్మ గీయడానికి ఇంకా ఇరవై రెండేళ్ళు పట్టింది.

సముద్రం సంగతి వేరు. అక్కడ ఈ చక్కెర వింతేమీ కాదు, రోజువారీ తిండి. 1902లోనే నార్వేలో గ్రాన్ సముద్రం నుంచి తీసిన ఒక బాక్టీరియా అగర్‌ను కరిగించేస్తుందని రాశాడు. అలాంటివి పెరిగినచోట పళ్ళెంలో గుంటలు పడతాయి. పాత్రనే తినేసే అతిథులన్నమాట.

2010లో ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఇంకో మెలిక బయటపెట్టారు. జొబెల్లియా అనే సముద్ర బాక్టీరియాలో, అగర్‌కి దగ్గరి చుట్టమైన పోర్ఫిరాన్‌ను కోసే ఎంజైము దొరికింది. పోర్ఫిరాన్ ఉండేది నోరిలో, అంటే సుషీకి చుట్టే నాచులో. ఆ ఎంజైము జన్యువు కోసం వెతికితే, అది జపనీయుల పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాలోనూ కనబడింది. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాసుల పేగుల్లో లేదు. తరతరాలుగా తిన్న నాచుతోపాటు సముద్రపు బాక్టీరియా లోపలికి వెళ్ళి, పేగులోని వాటికి ఆ జన్యువును అంటించిందని వాళ్ళ ఊహ. ఇప్పుడు సుషీకి వాడే నోరి ఎక్కువగా కాల్చినదే. బతికున్న బాక్టీరియా దాని మీద మిగిలే అవకాశం తక్కువ.