డాక్టరు సీటుకు మరో ఏడాది

ధర్మపురి జిల్లాలో కారిమంగళం దాపున ఉంటుంది తుంబలహళ్లి. ఊరు తమిళనాడులోదే అయినా పేరు చివర కన్నడపు ‘హళ్లి’ ఉంది. చుట్టుపక్కల ఇళ్లలో తమిళం, కన్నడంతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఊరి పేరు మీద ఒక జలాశయం ఉంది. వానల మీద, చెరువుల మీద ఆధారపడిన ఇలాంటి నేల మీద ఇంట్లో పిల్లో పిల్లాడో డాక్టరు చదువుతామంటే పెద్దలకు మొదట వచ్చే సందేహం ఒకటే. ఈసారి సీటు రాకపోతే ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు అరవై ఏళ్లుగా జవాబులు మారుతూ వచ్చాయి. మరో ఏడాది చదవాలన్నది మాత్రం మారలేదు. ఆ ఏడాది ఎక్కడ గడపాలి, దాని ఖర్చు ఎవరు భరించాలి అన్నదే ప్రతి కొత్త నిబంధనతోనూ మారింది.

1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి ధర్మపురి విడిపోయింది. ధర్మపురి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల కూడా ఆ ఏడాదిదే. మెడికల్ కాలేజీ మాత్రం పాత సేలం జిల్లా మొత్తంలో ఎక్కడా లేదు. మద్రాసుకో, మదురైకో, తంజావూరుకో, ఆ మరుసటి ఏడాది మొదలైన కోయంబత్తూరు కాలేజీకో వెళ్లాలి. డిగ్రీకి ముందు అప్పటి మెట్టు పీయూసీ. దాని మార్కులతో సీటు రాని విద్యార్థికి దగ్గర్లో కనిపించే దారి బీఎస్సీ. డిగ్రీలో చేరితే చదువు ఆగదు, ఆశా చావదు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం క్లాసుల్లో డాక్టరు సీటు మీద ఇంకా చూపు నిలిపినవాళ్లు దేశమంతటా ఉండేవారు. బీఎస్సీ చదివినవారిని కూడా ఎంబీబీఎస్‌కు అర్హులుగా నిబంధనలు గుర్తించేవి.

ధర్మపురి లాంటి జిల్లాలకు అప్పట్లో ఇంకో ఆసరా ఉండేది. మద్రాసు రాష్ట్రం వైద్య సీట్లను జనాభాను బట్టి జిల్లాలకు పంచేది. ఆ పద్ధతి ఉన్నంతకాలం నగరపు విద్యార్థితో పల్లె విద్యార్థి నేరుగా తలపడనక్కర్లేదు. 1968 జనవరిలో రాజేంద్రన్ కేసులో సుప్రీంకోర్టు ఈ జిల్లాల వాటాను కొట్టేసింది. ఒక జిల్లాలో ఎక్కువ మార్కులవాడికి సీటు దక్కక, పక్క జిల్లాలో తక్కువ మార్కులవాడికి దక్కడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికి ధర్మపురి జిల్లాకు నిండా మూడేళ్లు లేవు.

తర్వాత కాలేజీలను యూనిట్లుగా విడగొట్టి ఎంపిక చేశారు. ఇంటర్వ్యూకు 75 మార్కులు పెట్టారు. 1970లో పెరియకరుప్పన్ కేసులో ఆ యూనిట్ల పద్ధతి కూడా నిలబడలేదు. రాష్ట్రమంతటికీ ఒకే వరస వచ్చింది. మద్రాసులో చదివినా తుంబలహళ్లిలో చదివినా ఆ వరసలోనే నిలబడాలి.

1978లో పీయూసీ పోయి ప్లస్‌టూ వచ్చింది. 1984 నుంచి ప్లస్‌టూ మార్కులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష తోడైంది. ‘ఇంప్రూవ్‌మెంట్’ అన్న మాట ఇళ్లలో బాగా నలిగింది ఆ రోజుల్లోనే. పాసైన పరీక్షనే మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడమన్న మాట. ఒక్క మార్కు తేడాతో సీటు పోయిన ఇంట్లో ఇంకో ఏడాది కూర్చుని రాయడం తప్పుగా కనిపించలేదు. కానీ ఏడాది పాటు పనికి పోకుండా కూర్చోగలిగిన ఇల్లు ఉండాలి కదా! 2005లో తమిళనాడు ప్రభుత్వం ప్రవేశ పరీక్షతో పాటు ఇంప్రూవ్‌మెంట్‌ను కూడా తీసేయాలని ఆదేశించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. చివరికి ఆనందకృష్ణన్ కమిటీ నివేదిక తర్వాత వచ్చిన 2006 నాటి చట్టంతో ప్రవేశ పరీక్ష పోయి, ప్లస్‌టూ మార్కులే కొలమానమయ్యాయి.

2008లో ధర్మపురికి సొంత ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. జిల్లా ఏర్పడిన 43 ఏళ్లకు బిడ్డ ఇంటికి దగ్గర్లోనే డాక్టరు చదవగలిగే రోజు వచ్చింది. అలాగని అంతా సజావుగా సాగిందని కాదు. మార్కులే సర్వస్వమైనప్పుడు నామక్కల్ వైపు రెసిడెన్షియల్ బళ్లు ప్లస్‌వన్ పాఠాలు పక్కనపెట్టి రెండేళ్లూ ప్లస్‌టూనే రుద్దాయి. 2017–18లో ప్లస్‌వన్‌కు కూడా పబ్లిక్ పరీక్ష పెట్టడానికి ఇదొక కారణం.

సరిహద్దుకు అటు ఆంధ్ర, తెలంగాణల్లో ఇదే ఏడాదికి ‘లాంగ్ టర్మ్’ అని పేరు. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్న రోజుల్లో బెటర్‌మెంట్ రాయడం, విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో చేరి ఎంసెట్‌కు మళ్లీ తయారవడం మామూలైపోయింది. 2016 తెలంగాణ విద్యార్థులకు మరీ కఠినమైన ఏడాది. మెడికల్ సీట్ల కోసం జూలైలో జరిగిన ఎంసెట్–2 ప్రశ్నపత్రం లీకవడంతో పరీక్షను రద్దు చేసి, సెప్టెంబరులో ఎంసెట్–3 పెట్టారు. ఏ తప్పూ చేయని పిల్లలు చదివిన పుస్తకాలనే మళ్లీ తెరిచారు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే అవసరం ఇంకో రూపంలో తెలుసు. అక్కడ మెడికల్ స్కూలుకు ముందు డిగ్రీ ఉండాలి. డిగ్రీ మార్కులు తక్కువైనవారు, సైన్సు చదవనివారు మళ్లీ కాలేజీకి వెళ్లి రసాయనశాస్త్రం, జీవశాస్త్రం కోర్సులు పూర్తి చేస్తారు. సైన్సు చదవనివారి కోసం బ్రిన్ మార్ కాలేజీ 1972లోనే ప్రత్యేక కార్యక్రమం నెలకొల్పింది. రెండోసారి చదివే విద్యార్థికి అక్కడ తరగతి గది, అధ్యాపకుడు, మార్కుల పత్రం ఉంటాయి. మన దగ్గర ఆ బాధ్యతను కాలేజీలు వదిలేశాయి, కోచింగ్ కేంద్రాలు అందుకున్నాయి.

2017లో తమిళనాడుకు నీట్ వచ్చింది. ప్లస్‌టూ మార్కులు ఎన్ని వచ్చినా ర్యాంకు ముందు లెక్కలోకి రాకుండా పోయాయి. దాని ప్రభావాన్ని పరిశీలించిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021 నివేదికలో ఒక లెక్క కళ్లు తెరిపిస్తుంది. 2016–17లో ఎంబీబీఎస్‌లో చేరినవారిలో రిపీటర్లు 12.47 శాతం. 2020–21 నాటికి 71.42 శాతం. ఒకప్పుడు కొందరు తీసుకున్న మరో ఏడాది చాలామందికి తప్పనిసరి అయింది. హాస్టలు ఫీజు, కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటి బిడ్డ చదువులో వెనకబడి కాదు, ఆ ఏడాదిని కొనలేక వెనకబడుతోంది.

ప్రభుత్వ బడి పిల్లలు మరీ తగ్గిపోతున్నారని జస్టిస్ కలైయరసన్ కమిటీ 10 శాతం కోటా సూచించింది. 2020లో 7.5 శాతంతో చట్టమైంది. మొదటి ఏడాదే నాలుగు వందలకు దగ్గరగా ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లు ఆ పిల్లలకు దక్కాయి. 2022లో నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని జాతీయ వైద్య కమిషన్ ఎత్తేసింది. ఎన్నిసార్లు రాయాలన్న హద్దూ లేదు. అంతకుముందే ఒడిశాలో 64 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు 2020 నీట్ రాసి బుర్లా మెడికల్ కాలేజీలో చేరారు. నీట్ నుంచి మినహాయింపు కోరుతూ తమిళనాడు శాసనసభ చేసిన బిల్లును కేంద్రం తిరస్కరించిందని ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్‌లో సభకు చెప్పారు.

అంటే కారిమంగళం చుట్టుపక్కల ఊళ్లలో నీట్ ఫలితాల వేళ ఇంటింటా లెక్క మళ్లీ మొదలవుతుంది. సీటు రాని విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. అప్పుచేసి కోచింగ్ హాస్టల్లో చేరడం ఒకటి. ధర్మపురి ఆర్ట్స్ కాలేజీలో బీఎస్సీ ఫారం నింపి, రాత్రిళ్లు నీట్ పుస్తకాలు చదువుకోవడం రెండోది. 1965లో పీయూసీ విద్యార్థి చూసిన దారి కూడా ఆ కాలేజీ గేటు వైపే పోయేది.