అమ్మకు పాఠం చెప్పిన కూతురు

మామయ్యగారు పోయిన మూడో నెలలో, ఫ్యామిలీ పెన్షన్ డబ్బు తీయడానికి అత్తయ్యగారిని బ్యాంకుకు తీసుకెళ్ళాను. చిక్కడపల్లిలో మా వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టిన మనిషి ఆవిడ. కౌంటరు ముందు ఫారం పట్టుకుని అలా నిలబడిపోయారు. "ఇవన్నీ మీ మామయ్యగారే చూసేవారమ్మా" అన్నారు మెల్లగా. నారాయణగూడ చౌరస్తా దాటేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చారు. 1923లో కాకినాడ ఖద్దరు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఆపిన కథ మనందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ఇష్టమైన సంగతి ఇంకోటుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆవిడ ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టారు. అందులో చదువుకున్నవాళ్ళలో సొంత తల్లి కృష్ణవేణమ్మగారూ ఉన్నారు! కూతురి ముందు పలక పట్టుకు కూర్చోవడానికి ఆ తల్లి మొహమాటపడలేదు.

దుర్గాబాయిగారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చి, బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, అదే పరీక్షకు మిగతా ఆడవాళ్ళనీ చదివించారు. చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పేవారు. 1942లో లా పూర్తిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళ కోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త కోర్సులు పెట్టింది. ఏళ్ళ తరబడి సాగే చదువు రెండేళ్ళలో అయిపోయేది. భర్త పోయినవాళ్ళకీ, భర్త వదిలేసినవాళ్ళకీ అవి అన్నం పెట్టాయి.

మన ఉస్మానియా యూనివర్సిటీ దారిలోనే మహిళా సభ కాలేజీ ఉంది. ఎన్నిసార్లు దాని ముందునుంచి వెళ్ళానో! అండ లేనివాళ్ళకే ఇవన్నీ కావాలి, మాకెందుకులే అనుకున్నాం. నేనూ అంతే. బీఏ తెలుగు చదివాను గానీ, ఇంటి పన్ను ఎక్కడ కడతారో మొన్నటిదాకా తెలీదు.

మర్నాడు మావాణ్ణి కూర్చోబెట్టి, నానమ్మకి ఏటీఎం నేర్పమన్నాను. "నాకు రాదురా, మెషిన్ కార్డు మింగేస్తుంది" అని ఆవిడ ఒకటే గొడవ. వాడు మూడు ఆదివారాలు తిప్పాడు. బదులుగా ఆవిడ వాడికి గుండీ కుట్టడం, గంజి వార్చడం నేర్పుతున్నారు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న వాడి స్నేహితుడూ వచ్చి కూర్చుంటాడు. రాజ్యాంగ సభలో దుర్గాబాయిగారు ఉన్నారని గడగడా చెప్పే పిల్లాడికి సూదిలో దారం ఎక్కించడం రాలేదు. అత్తయ్యగారు మురిసిపోతూ నాలుగుసార్లు ఎక్కించి చూపించారు.

నిన్న ఆవిడ ఒక్కరే వెళ్ళి రెండువేలు తెచ్చుకున్నారు. పిన్ నంబరు ఏం పెట్టుకున్నారో మాకెవరికీ చెప్పలేదు.