స్పార్క్ అందక స్టార్ట్ కాని పెట్రోల్ కారు

సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే ముందు చూడాల్సింది స్పార్క్. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొర్రా లాంటి చోట పాత అంబాసిడర్లకు వానాకాలపు తేమే పెద్ద బెడద. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పడితే, కాయిల్ పంపిన వేల వోల్టుల కరెంటు ప్లగ్గు చేరకుండా దారిలోనే లీకవుతుంది. ఇగ్నిషన్ ఆపి, మూత విప్పి, పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బండి కదులుతుంది. మూతలో వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే మాత్రం అది కరెంటు కాల్చిన దారి. తుడిస్తే పోదు, మూత మార్చాల్సిందే.

విప్పిన ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం వస్తోంది, నిప్పురవ్వే కరువైందని అనుమానించాలి.

పాయింట్లున్న బండ్లలో గ్యాప్, కండెన్సర్ చూడాలి. ఇప్పటి కార్లలో క్రాంక్ సెన్సర్ పోయినా స్పార్క్ ఆగుతుంది. దాన్ని పట్టుకోవడానికి స్కానర్ కావాలి. డీజిల్ జీపులకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు.