కృష్ణయ్యర్ తీర్పుల్లో మా గొడవ

షాబానో పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. 1985 నాటి ఆ తీర్పును పట్టుకొని ఒకపక్క మా మతపెద్దలు, ఇంకోపక్క ఉమ్మడి పౌరస్మృతి జెండా ఎత్తినవాళ్లు మమ్మల్ని నలిపేశారు. ఆ తీర్పుకి ఆరేళ్ల ముందే దారి వేసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గురించి మాత్రం మేం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆయన జడ్జి కంటే ముందు ఎమ్మెల్యే. మలబారులో తలస్సేరి వకీలు. కమ్యూనిస్టులకు సాయపడుతున్నాడని 1948లో జైల్లో పెట్టారు. 1952లో స్వతంత్రుడిగా గెలిచి మద్రాసు శాసనసభకొచ్చారు. అప్పటికింకా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు, మన కోస్తా, సీమ సభ్యులూ ఆ సభలోనే కూర్చున్నారు. 1957లో నంబూద్రిపాద్ ప్రభుత్వంలో న్యాయశాఖ, హోంశాఖ, జైళ్లు చూశారు. 1959లో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. 1968లో కేరళ హైకోర్టు జడ్జి అయ్యారు. 1973లో సుప్రీంకోర్టుకి వెళ్తుంటే, ఎర్ర మంత్రివర్గంలో పనిచేసినవాడు జడ్జి ఏమిటని బొంబాయి వకీళ్లు కొందరు అభ్యంతరపెట్టారు.

1970లో కేరళ హైకోర్టులో ఒక ముస్లిం స్త్రీ విడాకుల కేసు ఆయన ముందుకొచ్చింది. రెండేళ్లు పోషించని భర్త నుంచి విడిపోయే హక్కు 1939 చట్టం ఆమెకిచ్చింది. తప్పు ఆమెదేనని భర్త వాదన. తప్పెవరిదైనా హక్కు హక్కేనన్నారు కృష్ణయ్యర్. అక్కడితో ఆగలేదు. ముస్లిం మగవాడు ఎప్పుడనుకుంటే అప్పుడు, కారణం లేకుండా తలాక్ చెప్పెయ్యొచ్చన్న నమ్మకం ఇస్లాం ఆదేశాలకే సరిపడదని రాశారు. మీ మతం వెనకబడిందని ఆయన అనలేదు. మీ ఖురాన్ మీరు సరిగా చదవలేదన్నారు. ఈ తేడా మాకు చిన్నది కాదు.

1978లో బాయి తాహిరా కేసు. మెహర్ 5000, ఇద్దత్ ఖర్చు 180 రూపాయలు పారేసి భర్త చేతులు దులుపుకున్నాడు. అది బతకడానికి చాలదని, 125వ సెక్షన్ కింద భృతి ఇవ్వాల్సిందేనని తీర్పిచ్చారు. 1980లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఫజ్లున్బీ కేసులోనూ అదే మాట. అక్కడ మెహర్ 500, ఇద్దత్‌కి 750. మన హైకోర్టు చాలన్నది ఆయనకు చాలలేదు. షాబానో తీర్పు ఈ రెండింటినీ సమర్థించింది గానీ, వెంటనే ఉమ్మడి పౌరస్మృతి మాటెత్తింది. మంట రేగింది అక్కడే.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. 1975లో కిష్టాగౌడ్, భూమయ్యల పిటిషన్ కొట్టేసిన బెంచి ఆయనదే. ఆ డిసెంబరు 1న వాళ్లిద్దర్నీ ఉరి తీశారు. ఉరిశిక్షని అంతగా వ్యతిరేకించిన మనిషి కలం అక్కడ సాగలేదు. తెలుగువాళ్లం ఎలా మర్చిపోతాం?

2002లో గుజరాత్ మారణకాండ మీద ఏర్పడిన పౌర ట్రిబ్యునల్‌కు, ఎనభై దాటిన వయసులో, ఆయనే అధ్యక్షులు. రెండువేలకు పైగా వాంగ్మూలాలతో రిపోర్టు వచ్చింది. 2014లో కన్నుమూశారు.

2017లో మూడు తలాకుల్ని ఒకేసారి చెప్పడం చెల్లదన్నప్పుడు సుప్రీంకోర్టు ఆయన 1970 మాటల్ని మళ్లీ ఎత్తి రాసుకుంది. 2019లో పార్లమెంటు చట్టం చేసి, అలా తలాక్ చెప్పిన భర్తకి మూడేళ్ల వరకూ జైలు పెట్టింది. కృష్ణయ్యర్ ఆ భర్త దగ్గర అడిగింది భార్యకి నెలనెలా తిండి ఖర్చు.