రెండు పుస్తకాల లెక్క: బుక్‌మార్కుల సింక్ కథ

మహారాష్ట్రలోని భివండి పట్టణంలో ధామన్కర్ నాకా దగ్గర కాసేపు నిలబడితే మరాఠీ, ఉర్దూ, హిందీ మాటల మధ్య మన తెలుగు కూడా చెవిన పడుతుంది. ఆ పక్కనే పద్మనగర్. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. మనం సాంచెలు అని పిలుచుకునే మరమగ్గాలే వారికి బతుకుతెరువు. ఇలాంటి ఇళ్లలో చాలామందికి కాపురం అక్కడ, సొంతూరి భూమి ఇక్కడ. పిల్లల చదువు అక్కడ, పెద్దల కాగితాలు ఇక్కడ. కనుక రెండు రాష్ట్రాల ప్రభుత్వ వెబ్‌సైట్లతో వారికి పని ఉంటుంది. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకూ అంతే.

ఆ చిరునామాలను మళ్లీ మళ్లీ వెతక్కుండా బ్రౌజరులో దాచుకునే గుర్తునే బుక్‌మార్కు అంటారు. ఫోనులో దాచినది కంప్యూటరులోనూ, కంప్యూటరులో దాచినది ఫోనులోనూ దానంతట అదే కనబడేలా చేసే ఏర్పాటును సింక్ అంటారు. ఒక్కోసారి అది కుదరదు. దాచినవి కనబడవు, లేదా ఒక్కొక్కటి రెండేసి, మూడేసి సార్లు కనబడతాయి. కొన్నిసార్లు మొత్తం మాయమవుతాయి. ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే ఈ ఏర్పాటు చరిత్ర కొంత తెలియాలి.

1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా తయారుచేసిన మొజాయిక్ బ్రౌజరులో ఇలాంటి చిరునామాల పట్టీని హాట్‌లిస్ట్ అన్నారు. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ దానిని బుక్‌మార్క్స్ అంది. 1995లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫేవరిట్స్ అంది. పేర్లు మూడు, పని ఒక్కటే. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. ఆ రోజుల్లో ఒక మనిషికి ఒక కంప్యూటరు దొరకడమే గొప్ప. పట్టీ ఒక్కటే కాబట్టి తగాదా లేదు.

ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి కంప్యూటర్లు వచ్చాక చిక్కు మొదలైంది. 2006లో ఫాక్స్‌మార్క్స్ అనే సేవ వచ్చింది. ఒక యంత్రంలోని బుక్‌మార్కులను అది రెండో యంత్రానికి చేరవేసేది. 2009లో ఎక్స్‌మార్క్స్ అని పేరు మార్చుకుంది. 2010 సెప్టెంబరులో డబ్బు చాలక మూసేస్తున్నామని ప్రకటిస్తే, వాడుకరులు మేం రుసుము కడతామని ముందుకొచ్చారు. అదే ఏడాది డిసెంబరులో లాస్ట్‌పాస్ కంపెనీ దానిని కొనుక్కుంది. చివరకు 2018 మే 1న అది మూతబడింది. ఈలోగా బ్రౌజర్లు ఈ పనిని తామే చేపట్టాయి. 2010లో క్రోమ్, 2011లో ఫైర్‌ఫాక్స్ ఈ బాట పట్టాయి.

ఇంతమంది చేసినా ఇప్పటికీ ఎందుకు తప్పుతోంది? దీనికి సాంచెల లెక్కనే ఉదాహరణగా తీసుకుందాం. నేసిన తాకాలు పనివాడు తన చిట్టాలో రాసుకున్నాడు. మెహతాజీ తన ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. వారం చివర రెండూ కలిపి చూస్తే, చిట్టాలో ఉన్న ఒక తాకా ఖాతాలో లేదు. మెహతాజీ రాయడం మరిచాడా? లేక రాసి, బట్టలో లోపం కనబడి కొట్టేశాడా? రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పోయిన వారం ఇద్దరూ ఒప్పుకున్న లెక్క ఎంత, ఆ తరువాత ఎవరు ఏం మార్చారు అన్నది తెలియాలి.

కంప్యూటర్లకూ ఇదే చిక్కు. ఒక బుక్‌మార్కు ఫోనులో ఉండి కంప్యూటరులో లేకపోతే, అది కొత్తగా చేర్చినదా, అక్కడ తీసేసినదా? దూరదూరంగా ఉన్న యంత్రాల్లో ఏ పని ముందు, ఏ పని వెనుక అని గడియారాన్ని నమ్మకుండా తేల్చే పద్ధతి మీద లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రవేత్త 1978లోనే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఈనాటి సింక్ ఏర్పాట్లు కూడా చివరిసారి ఒప్పుకున్న లెక్కను గుర్తుంచుకుంటాయి. తీసేసినదానికి కూడా ఒక గుర్తు మిగుల్చుతాయి. ఆ జ్ఞాపకం చెదిరినప్పుడు, ఉన్నదంతా కొత్తదే అనుకుని కలిపేస్తాయి. ఒకే చిరునామా రెండేసి సార్లు కనబడడానికి ఇదొక ముఖ్య కారణం. ఒకే పట్టీని రెండు సింక్ సేవలకు అప్పగించినా ఇదే జరుగుతుంది.

దీనివల్ల ఒక ముఖ్యమైన సంగతి తేలుతోంది. సింక్ అంటే భద్రపరచడం కాదు, ఒప్పందం. ఒకచోట చేర్చినది అన్నిచోట్లా చేరినట్లే, ఒకచోట తీసేసినది అన్నిచోట్లా పోతుంది. ఫైర్‌ఫాక్స్ తొలి సింక్ పద్ధతిలో ఒక యంత్రాన్ని మరో యంత్రంతో జతచేయాలి. రహస్య తాళం ఆ యంత్రాల్లోనే ఉండేది. ఒకే యంత్రం ఉన్నవారు దానిని భద్రపరిచే పెట్టె అనుకున్నారు. ఆ యంత్రం పాడైతే, తాళం వేరేచోట రాసి పెట్టుకోనివారి బుక్‌మార్కులు తిరిగి రాలేదు. అందుకే 2014లో మోజిల్లా సంస్థ ఆ పద్ధతిని మార్చి, ఖాతా, పాస్‌వర్డుల పద్ధతి తెచ్చింది.

కనుక బాగుచేసే పని ఏ వరుసలో చేయాలో చూద్దాం. అన్నిటికంటే ముందు, కంప్యూటరులోని బుక్‌మార్కుల పేజీలో ఎగుమతి, అంటే ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక ఫైలును విడిగా దాచుకోవాలి. విశేషమేమంటే, నెట్‌స్కేప్ కాలపు ఫైలు రూపాన్నే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇప్పటికీ వాడుతున్నాయి. ఆ కంపెనీ పోయింది, దాని పద్దు పద్ధతి మాత్రం మిగిలింది.

రెండోది, రెండుచోట్లా ఒకే బ్రౌజరు, ఒకే ఖాతా ఉన్నాయా చూడాలి. ఫోనులో క్రోమ్, కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ ఉంటే అవి వాటంతట అవి మాట్లాడుకోవు. ఇంట్లో తండ్రి ఖాతా ఒకటి, కొడుకు ఖాతా ఒకటి అయినా కలవవు. మూడోది, సెట్టింగులలో సింక్ కింద బుక్‌మార్కులు అన్న మీట వేసి ఉందా చూడాలి. నాలుగోది, పోయాయి అనుకునే ముందు మొబైల్ బుక్‌మార్క్స్ అనే అరలో వెతకాలి. ఫోనులో దాచినవి కంప్యూటరులో తరచు అక్కడే కూర్చుంటాయి. అయిదోది, ఫోనులో బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు సింక్‌ను ఆపవచ్చు. ఫోనును ఛార్జింగులో పెట్టి, బ్రౌజరు తెరిచి కాసేపు ఆగాలి. ఇవన్నీ చూడకుండా, ఒకచోట అన్నీ తుడిచేస్తే రెండోచోట నుంచి వస్తాయిలే అని మాత్రం అనుకోవద్దు. ఆ తుడుపే రెండోచోటికి పోవచ్చు. ఇంటర్నెట్ సెంటరులోని ఉమ్మడి కంప్యూటరులో మీ ఖాతా తెరిచి సింక్ వేయడమూ మంచిది కాదు. ఇతరుల పట్టీ మీ పట్టీలో కలిసిపోవచ్చు, మీది వారి చేతికి పోవచ్చు.

ఇంకొక మాట. తెలంగాణ భూమి రికార్డుల కోసం 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి దాని స్థానంలోకి వచ్చింది. పాత చిరునామా దాచుకున్నవారికి సింక్ దానినే అన్ని యంత్రాలకూ నమ్మకంగా మోస్తుంది. ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో అది చూడదు. ఆ పని మనదే. పొలం కాగితం చూడాల్సిన రోజున వెతుక్కోకుండా, ఏడాదికి రెండుసార్లయినా ఒక్కో బుక్‌మార్కును తెరిచి చూసుకోవాలి. ముఖ్యమైన నాలుగైదు చిరునామాలను పాసుపుస్తకం దగ్గరే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం కూడా మంచిది.

రెండు ఊళ్ల మధ్య బతికేవారికి రెండు పుస్తకాలు తప్పవు. అవి ఒక్క మాట మీద ఉన్నాయా అని చూసుకునే జాగ్రత్త యంత్రానికి పూర్తిగా అప్పగించేది కాదు.