అమెరికా కళాశాల ప్రవేశాలలో శాట్, ఏసీటీ మార్కులు

శాట్, ఏసీటీ అనునవి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో డిగ్రీ కోర్సులలో చేరగోరు విద్యార్థులు వ్రాసే రెండు ప్రామాణిక పరీక్షలు. దరఖాస్తు చేసినవారిలో కొద్దిమందిని మాత్రమే చేర్చుకొనే కళాశాలలలో ఈ మార్కులకు ఎంత విలువ ఇవ్వాలన్నది చాలాకాలంగా చర్చలో ఉన్న విషయము. జేఈఈ, ఈఏపీసెట్ పరీక్షలలో ర్యాంకును బట్టి సీటు లభించినట్లు ఈ కళాశాలలలో కేవలం మార్కులను బట్టి సీటు లభించదు. తెలుగు రాష్ట్రాల నుండి ఎం.ఎస్. వంటి పై చదువులకు అమెరికా వెళ్ళేవారికి సంబంధించిన పరీక్ష జీఆర్ఈ. అది వేరు.

పరీక్షల స్వరూపము

శాట్‌ను కాలేజ్ బోర్డు అనే లాభాపేక్ష లేని సంస్థ నిర్వహిస్తుంది. ఇందులో పఠనం-రచన, గణితం అనే రెండు విభాగాలు ఉన్నాయి. ఒక్కొక్క విభాగానికి 200 నుండి 800 వరకు, మొత్తం మీద 400 నుండి 1600 వరకు మార్కులు ఇస్తారు. ఏసీటీ మార్కులు 1 నుండి 36 వరకు ఉంటాయి. పరీక్ష కోరే కళాశాలలు సాధారణంగా రెండింటిలో దేనినైనా అంగీకరిస్తాయి. 2024లో ఉన్నత పాఠశాల పూర్తి చేసినవారిలో సుమారు 19.7 లక్షల మంది శాట్ వ్రాయగా, వారి సగటు మార్కు 1024.

చరిత్ర

కాలేజ్ బోర్డు 1900లో ఏర్పడినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ నాయకత్వంలో రూపొందిన శాట్ 1926లో మొదటిసారి జరిగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు పెట్టిన ప్రజ్ఞా పరీక్షలు దీనికి మూలం. జాతిని బట్టి తెలివితేటలు మారుతాయని 1923లో గ్రంథం వ్రాసిన బ్రిగమ్, 1930లో ఆ నిర్ణయాలను తానే ఉపసంహరించుకొన్నాడు. 1930లలో హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్, పేరుమోసిన ప్రైవేటు పాఠశాలల వెలుపల ఉన్న ప్రతిభావంతులకు ఉపకారవేతనాలు ఇచ్చుటకు ఈ పరీక్షను ఉపయోగించాడు. ఏసీటీ 1959లో అయోవా రాష్ట్రంలో ప్రారంభమైనది.

ప్రవేశాలలో మార్కుల స్థానము

దరఖాస్తులో పరీక్ష మార్కులతో పాటు నాలుగేళ్ళ పాఠశాల గ్రేడ్లు, తీసుకొన్న కోర్సుల కఠినత్వం, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, విద్యార్థి వ్రాసిన వ్యాసాలు, చదువేతర కార్యక్రమాలు పరిశీలిస్తారు. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యం ఇస్తున్నదీ చాలా కళాశాలలు 'కామన్ డేటా సెట్' అనే వార్షిక పత్రంలో ప్రకటిస్తాయి. చేరిన విద్యార్థుల 25వ, 75వ పర్సెంటైల్ మార్కులు కూడా అందులోనే ఉంటాయి. ఒక కళాశాల 1500-1580 అని చూపినట్లయితే, మార్కులు సమర్పించి చేరినవారిలో సుమారు నాలుగవ వంతు మందికి 1500 కంటే తక్కువ వచ్చినవని అర్థం.

ఎక్కువ మార్కులు దరఖాస్తును పోటీలో నిలుపుతాయి కాని సీటును ఖాయం చేయవు. 2015లో చేరిన తరగతికి సుమారు 1,600 స్థానాలు ఉండగా, దరఖాస్తు చేసినవారిలో దాదాపు 2,700 మందికి శాట్ భాషా విభాగంలోను, 3,000 మందికి పైగా గణితంలోను పూర్తి మార్కులు వచ్చినవని హార్వర్డ్ న్యాయస్థానానికి తెలిపినది. అందరూ పై అంచున ఉన్నచోట మార్కు తేడా చూపలేదు. అటువంటప్పుడు ఎంపిక ఇతర అంశాల మీదకు మళ్ళుతుంది.

విమర్శలు

కుటుంబ ఆదాయంతో పాటు సగటు మార్కులు పెరుగుట, ఖరీదైన శిక్షణ కొందరికే అందుట ఈ పరీక్షలపై ప్రధాన విమర్శలు. అయితే ఇతర అంశాలలోనూ సంపన్నులకు అనుకూలత ఉన్నది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒకే మార్కులు వచ్చినవారిలో అత్యధిక ఆదాయం గల ఒక శాతం కుటుంబాల పిల్లలు, మధ్యతరగతి పిల్లల కంటే రెండు రెట్లకు పైగా అధికంగా 12 అగ్రశ్రేణి కళాశాలలలో చేరుతున్నారు. పూర్వ విద్యార్థుల సంతానానికి, క్రీడాకారులకు ఇచ్చే ప్రాధాన్యం, చదువేతర అంశాలకు ఇచ్చే విలువ ఇందుకు కారణాలని ఆ అధ్యయనం పేర్కొన్నది.

ఐచ్ఛిక విధానము

మార్కులు సమర్పించుట విద్యార్థి ఇష్టానికి వదిలివేసే విధానాన్ని బౌడిన్ కళాశాల 1969లోనే ప్రవేశపెట్టినది. 2020లో కోవిడ్ వలన పరీక్షా కేంద్రాలు మూతపడగా అగ్రశ్రేణి కళాశాలలన్నీ దాదాపుగా పరీక్షను తప్పనిసరి చేయుట మానినవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మరింత ముందుకు వెళ్ళి, 2021లో కుదిరిన ఒప్పందం తరువాత మార్కులను అసలే పరిగణించడం మానివేసినది. ఈ మార్కులు మొదటి సంవత్సరపు ఫలితాలను బాగా సూచిస్తున్నవని అంతకుముందు, 2020 ఆరంభంలో, అక్కడి అధ్యాపకుల బృందమే నివేదిక ఇచ్చి ఉన్నది.

ఐచ్ఛిక విధానంలో ఒక చిక్కు బయటపడినది. ఎక్కువ మార్కులు వచ్చినవారే వాటిని సమర్పించుట వలన కళాశాలలు ప్రకటించే సంఖ్యలు పైకి జరిగినవి. వాటిని చూసి 1400 ప్రాంతంలో మార్కులు వచ్చిన పేద విద్యార్థులు తమ మార్కులను దాచుకొన్నారు. చదివిన పాఠశాలలో సగటు చాలా తక్కువైనప్పుడు అదే 1400 గొప్ప ప్రతిభగా లెక్కకు వస్తుంది. ఈ విధంగా తమకు మేలు చేయగల మార్కులను కొందరు దాచుకొన్నారని డార్ట్‌మత్ కళాశాల అధ్యాపకుల అధ్యయనం తేల్చినది.

పరీక్షల పునరుద్ధరణ

2022 మార్చిలో ఎం.ఐ.టి. పరీక్షను తిరిగి తప్పనిసరి చేసినది. అక్కడ ఏ శాఖలో చేరినా కలన గణితం, భౌతికశాస్త్రం చదవవలసి ఉండుట వలన, గణితంలో సంసిద్ధత తెలియడం అవసరమని వివరించినది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్టెక్ అదే బాట పట్టినవి. యేల్ శాట్, ఏసీటీలకు బదులుగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లేదా ఇంటర్నేషనల్ బాకలారియేట్ పరీక్షల ఫలితాలను కూడా అంగీకరించినది. కొలంబియా విశ్వవిద్యాలయం మాత్రం 2023లో ఐచ్ఛిక విధానాన్నే కొనసాగిస్తామని ప్రకటించినది.

ఇవి కూడా చూడండి

శాట్
జీఆర్ఈ
ఈఏపీసెట్
ఐవీ లీగ్