పొగ చెప్పే జబ్బు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో బండి జబ్బు కనిపెట్టే విద్య పొగతో మొదలైంది. ఈ ఊరిని జంక్షన్ చేసింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు మనవాళ్ల రాకపోకలు సులువయ్యాయి. ఆవిరి ఇంజను ఫైర్‌మన్ చిమ్నీ వైపు చూసి, పొగ నల్లగా దట్టంగా ఉంటే బొగ్గుకు గాలి చాలడం లేదని గ్రహించేవాడు. 1964లో వారణాసిలో తయారీ మొదలైన డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజనుకూ అదే చూపు పనికొచ్చింది. నల్లపొగ వస్తే ఇంజెక్టర్‌నో గాలినో అనుమానించాలి. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతున్నట్టే.

ఆ కళ్లే తర్వాత ఇంటి ముందరి స్కూటర్ మీద పడ్డాయి. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌కి పెట్రోల్ పంపు లేదు. సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోల్ తన బరువుతోనే కార్బురేటర్‌లోకి దిగాలి. స్టార్టవ్వకపోతే మనవాళ్లు బండిని పక్కకి వంచేవారు. మంచి మెకానిక్ మాత్రం ముందు ట్యాంకు మూత తీస్తాడు. మూతకున్న సన్నని రంధ్రం మూసుకుపోతే లోపలికి గాలి రాదు, బండి కాసేపు నడిచి ఆగిపోతుంది. మూత తీయగానే మళ్లీ నడిచిందా, జబ్బు దొరికినట్టే. లేదంటే పైపు ఊడదీసి పెట్రోల్‌ని గాజుసీసాలోకి పట్టి చూస్తాడు. ధారగా వస్తోందా, చుక్కలుగానా? అడుగున నీళ్లున్నాయా? తర్వాత ప్లగ్గు. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు, తడిగా ఉంటే స్పార్కు చూడాలి. కార్బురేటర్‌లో పెట్రోల్ దూరే సన్నని జెట్ చివరి మాట. దాన్ని గాలితో ఊదాలే గానీ తీగ గుచ్చకూడదు. ఇత్తడి రంధ్రం పెద్దదైతే పెట్రోల్ ఖర్చు పెరిగిపోతుంది. ఈ వరస తెలిసిన చేతులంటే నాకు ఎంతో గౌరవం.

2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. కార్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, 2020లో బీఎస్-6తో ద్విచక్రవాహనాలూ చాలావరకు అటే మళ్లాయి. ఇప్పుడు స్కానర్ తగిలిస్తే పీ0171 అని కోడ్ పడుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పంపు బలహీనపడిందా, ఫిల్టర్ మూసుకుందా, ఎక్కడైనా గాలి దూరుతోందా అన్నది ఆ కోడ్ చెప్పదు. ప్రెషర్ గేజ్ పెట్టి పాత వరసలోనే వెతకాలి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక పాత బళ్లకి కొత్త చిక్కు మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని ఉబ్బించి చెడగొడుతుంది. వానాకాలమంతా కదలని మా చేతక్ నుంచి సీసాలోకి పడితే పెట్రోల్ రెండు పొరలుగా విడిపోయింది. పైన పెట్రోల్, కింద నీళ్లూ ఇథనాలూ, మధ్యలో గీత గీసినట్టు సన్నని హద్దు.